బండి ఆగిన చోటు

తలుపు దగ్గర తమ్ముడు. అతని చేతిలో సెల్‌ఫోను. అతని నోట కార్వేటినగరం అన్న మాట. పోయిన వారం మనం రేవతిని ఆ స్థితిలో వదిలి వచ్చాం. చిత్తూరు కోర్టులో సూపరింటెండెంటుగా ఆనాటి పని ముగించుకుని ఇంటికి వచ్చి, ముఖం కడుక్కుని, తువ్వాలు ఇంకా చేతిలో ఉండగానే ఆ మాట చెవిన పడింది. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

ఈ కథను ఈ వారమే చేతికి తీసుకున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. పాకాల దగ్గర లారీ గుద్ది భర్త పోయేనాటికి రేవతికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. ఒళ్ళో పాలు మరవని ఆడపిల్ల. భర్తకు అక్క అయిన చంద్రకాంతమ్మకు కార్వేటినగరంలో ఇల్లూ పొలమూ ఉన్నాయి, బిడ్డలు లేరు. పెద్దలు కూర్చుని మాట్లాడారు. పిల్లను ఆమె పెంచుకునేటట్టు, రేవతి చదువు కొనసాగించి తన కాళ్ళ మీద తాను నిలబడేటట్టు తీర్మానించారు. ఇచ్చిన బిడ్డను రేపు మళ్ళీ అడగదన్న నమ్మకం ఏమిటి? అందుకని రేవతిని కాణిపాకం తీసుకుపోయి, తడిబట్టలతో నిలబెట్టి ప్రమాణం చేయించారు. కార్వేటినగరం మట్టి తొక్కను. పల్లవి నా బిడ్డ అని నోరు తెరిచి అనను. ఈ రెండు మాటలే.

ఆ జిల్లాలో కాణిపాకం ప్రమాణానికి కోర్టు తీర్పుకన్నా బరువెక్కువ. దేవుడు విన్నాడో లేదో తేల్చే సాధనం ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. అయితే అక్కడ నిలబడ్డ మనుషులు విన్నారు. ఒక మనిషిని జీవితకాలం కట్టి ఉంచడానికి ఆపాటి సాక్ష్యం చాలు.

రేవతి మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏళ్ళ తరబడి ఆ ఊరి పేరు రాసి ఉన్న బస్సును కూడా తలెత్తి చూడలేదు. రెండువేల ఏడులో, నలభై దాటిన తరువాత, కారు కొని తోలడం నేర్చుకుంది. నేర్చుకున్న కొద్దిరోజులకే ఆమెకొక సంగతి తోచింది. కారులో కూర్చున్న మనిషి మట్టి తొక్కదు.

అప్పటి నుంచి కోర్టుకు సెలవైన ప్రతి రెండో శనివారం బూడిదరంగు కారొకటి కార్వేటినగరంలో పాత కోట గోడ పక్కన, చంద్రకాంతమ్మ ఇంటికి కొంచెం ఎడంగా ఆగుతోంది. కోట చూడ్డానికి వచ్చినవాళ్ళు కాబోలునని ఊరు పట్టించుకోలేదు. ఇంజిను ఆగదు, నల్లటి అద్దాలు దిగవు, తలుపు తెరుచుకోదు. ఆ సంగతే ఇప్పుడు తమ్ముడు గిరిప్రసాదుకు తెలిసిపోయింది.

"ఎవర్రా చెప్పినారు నీకు?" అంది రేవతి చివరికి.

"నీ కారే చెప్పిందక్కా."

"ఎగతాళి ఆడతా ఉండావా?"

"ఎగతాళి కాదు. ఇదిగో, సూడు." గిరిప్రసాద్ ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. మామిడి గుజ్జు వ్యాపారం చేసే మనిషి. ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుని, అర్థం మాత్రం ఖచ్చితంగా రాబడతాడు. "మీ వాహనం తరచుగా ఆగే కార్వేటినగరంలోనే మీకోసం ఉచిత తనిఖీ శిబిరం అంట. నా బండి యాడ ఆగింది కార్వేటినగరంలో అని షోరూముకు ఫోన్ కొట్టినా. మీది కాదు సార్, మీ అక్కగారిది, అన్నాడు. రెండో శనివారం రెండో శనివారం మధ్యాన్నం పోతాది, పొద్దు గుంకేదాకా ఆడనే ఉంటాది అని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పినాడు."

"నా కారు సంగతి నీకెట్ల చెప్తారు?"

"వాళ్ళ దగ్గర ఉండే నంబరు నాదే కదక్కా."

అవును. కారు కొన్న రోజు షోరూములో "మీ సెల్ నంబరు చెప్పండి మేడం" అని అడిగితే రేవతి తమ్ముడి వైపు చూసింది. అతను తన నంబరు చెప్పాడు. ఆ ఇంట్లో అది ఆచారం. గ్యాసు కంపెనీకైనా, బట్టలు కుట్టేవాడికైనా, ఎవరికైనా ఆడవాళ్ళ నంబరు ఇవ్వరు. ఊరూపేరూ తెలియనివాళ్ళు ఫోన్లు చేస్తారని. వకీళ్ళందరూ లేచి నమస్కారం పెట్టే సూపరింటెండెంటు రేవతికి కూడా ఆనాడు అది మర్యాదగానే అనిపించింది. కారులో ఏముందో షోరూమువాళ్ళు అప్పుడే చెప్పారు: ముందుభాగంలో ఒక నల్లపెట్టె ఉంటుందని, బండిని దొంగలెత్తుకుపోతే ఎక్కడుందో అది ఆకాశంలోని ఉపగ్రహాలను అడిగి తెలుసుకుని కంపెనీకి చెబుతుందని. దొంగలు ఎత్తుకుపోకపోయినా చెబుతుందా అని ఎవరూ అడగలేదు.

"నేను దిగలేదు గిరీ," అంది రేవతి. "ఒక్కసారి కూడా దిగలేదు. అద్దం కూడా దించలేదు."

"వకీళ్ళ మధ్యన తిరిగి తిరిగి బాగానే నేర్సినావే. నేను తొక్కలేదు, టైరు తొక్కింది అంటావా?"

"అట్లనే అనుకో."

"అయితే రేపు కాణిపాకం పోదాం పా. నా బండి కూడా ఆ ఊరు పోదని ఇంకో ప్రమాణం చేద్దువు."

"నన్నెందుకు? బండినే తోలుకుపో. తలంటు పోసి, తడిబట్ట చుట్టి నిలబెట్టు. హారను కొట్టి ప్రమాణం చేస్తాది."

గిరిప్రసాదుకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు కోపమూ వచ్చింది. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "నవ్వులాట కాదక్కా. చంద్రకాంతమ్మ వదినకు చూపు బాగా తగ్గిపోయిండాది. వాళ్ళాయన కూడా పోయినాక ఆమెకు ఉండేది ఆ పిల్ల ఒక్కతే. నువ్వు వచ్చి ఆడ కాసుకోని ఉండావని తెలిస్తే పిల్లను ఎత్తుకుపొయ్యేదానికి వచ్చిందనే అనుకుంటాది. ఆ రోజు కాణిపాకంలో ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చింది నేను. నేను!"

"మాటిచ్చింది నువ్వు. పోగొట్టుకున్నది నేను."

"నీకు మంచి జరగాలనే కదా..."

"జరగలేదని అన్నానా? ఉద్యోగముండాది. ఇల్లుండాది. కారుండాది. ఆ కారులో నెలకొక పూట కూర్చుంటే మీకెవరికి ఏమి తక్కువైందిరా?"

గిరిప్రసాద్ చెయ్యి చాచాడు. "తాళాలియ్యి."

"ఇయ్యను. రేపు తిరుపతికి పోయి ఆ పెట్టె పీకించేస్తా."

"పీకిస్తే దొంగతనం ఇంకా సులువవుతాది నీకు."

"నా బిడ్డను నేను చూసేది దొంగతనమా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గిరిప్రసాద్ లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు, బయట ఎవరైనా విన్నారేమోనని. రేవతి నిలబడినచోటే నిలబడింది. ఆ మాట ఆమె పెదవులు దాటి వచ్చింది. కాణిపాకం తరువాత ఇదే మొదటిసారి. మిన్ను విరిగి మీద పడలేదు. పక్కింటి కుక్కరు కూత పెట్టింది, అంతే. కానీ ఇంతకాలం నోట్లో తిరిగి తిరిగి అరిగిపోయి ఉంటుందనుకున్న మాట అంత పదునుగా ఎలా ఉండిపోయిందో ఆమెకు అర్థం కాలేదు.

"మెల్లగా మాట్లాడక్కా," అన్నాడు గిరిప్రసాద్. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు, జాలి ఉంది; అది రేవతికి కోపంకన్నా కష్టంగా తోచింది. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ తల తిప్పకుండానే అన్నాడు: "రేపు రెండో శనివారం. రేపు మాత్రం పోవద్దు. పోతే నాకు తెలుస్తాది."

* * *

పొద్దున్నే రేవతి తిరుపతికి బయలుదేరింది. చంద్రగిరి దగ్గర కొండ మీది కోటగోడ ఎండలో ఎర్రగా మెరుస్తోంది. మామూలు రోజైతే ఆమె దానివైపు ఒకసారి చూసేది. ఇవాళ ఆమె కళ్ళు మాటిమాటికీ స్టీరింగు పక్కకే పోతున్నాయి. ఆ రేకు వెనకనే కదా ఉంది అది. ఇంతకాలం ఈ కారులో తానొక్కతెనే అనుకుంది. దీనిలో ఏడ్చింది. ఒకసారి పల్లవి పుట్టిననాటి జోలపాట పాడుకుంది కూడా. పెట్టె పాటలు వింటుందా? వినదనే అనుకోవాలి. అనుకోవాలి, అంతే, తెలియదు.

ఆ ఊరికి పోయి ఆమె చూసేది ఏపాటి? అరుగు మీద నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని పల్లవి పాఠాలు చెబుతుంది. టీచరు ట్రైనింగు చదువుతున్న పిల్ల. శనివారాలు ఇలా గడుపుతుంది. కోపం వస్తే సుద్దముక్క విరుస్తుంది. ఆలోచన వస్తే చెవి వెనక వెంట్రుకలు మెలిపెడుతుంది. అది తండ్రి అలవాటు, తండ్రిని చూసి నేర్చుకునే అదృష్టం లేకపోయినా. పచ్చ ఓణీ ఇష్టం కాబోలు, ఎక్కువగా అదే. నల్లద్దాలలోంచి పచ్చ కూడా కొంచెం నల్లగానే కనిపిస్తుంది. పిల్లలు పగలబడి నవ్వుతుంటే పల్లవి ఏదో తమాషా చెప్పిందని తెలిసేది. ఏం చెప్పిందో తెలిసేది కాదు. చల్లగాలి యంత్రం హోరు, మూసిన అద్దాలు. రేవతికి తన కూతురి రూపం తెలుసు, నడక తెలుసు, కోపం తెలుసు. గొంతు మాత్రం తెలియదు.

రేణిగుంట రోడ్డులోని షోరూములో శ్రీనివాసులనే మేనేజరు ఆమెను గాజు గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. మనిషి చెడ్డవాడు కాదు. తన కంపెనీ అంటే తన ఇంటి పెళ్ళంత సంబరం. రేవతి వచ్చిన పని చెప్పగానే అతని ముఖం వాడిపోయింది.

"పెట్టె తీసెయ్యమంటే ఎట్ల మేడం? బండితోపాటు వచ్చిందే అది. స్టీరింగు తీసెయ్యమన్నట్టుండాది."

"స్టీరింగు మా తమ్ముడికి ఫోన్ చెయ్యదు కదా."

"మీరు ఇచ్చిన నంబరే కదా మేడం."

"నంబరిచ్చింది బండి పోతే చెప్పేదానికి. నేను పోతే చెప్పమనలేదు."

శ్రీనివాసులు ఆ రెంటికీ తేడా ఏమిటో పట్టుకోలేక, నవ్వి, కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. "ఎంత ఉపయోగమో చూస్తే మీరే వద్దంటారు. చూడండి. ఇదో, ఇది చిత్తూరు. ఈ గీత ఇంటినుంచి కోర్టుకు. ఈ చుక్క మీరు కూరగాయలు కొనే చోటు. ఇది పోయిన నెల మీరు ఆసుపత్రికి పోయింది, ఇది ఎవరిదో పెళ్ళి, కల్యాణ మండపం కదా... బ్రేకు గట్టిగా కొట్టినా తెలుస్తాది మేడం! మీరు నెమ్మదిగానే తోల్తారు. ఆడవాళ్ళు మంచిగా తోల్తారు."

రేవతి తెర మీదికి వంగింది. తాను ఇంట్లో లేనప్పుడు ఎవరో బీరువా తెరిచి, చీరలన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూసి, మడతలు చెడకుండా మళ్ళీ పెట్టి పోయినట్టుంది. పోయిన వస్తువు ఒక్కటీ లేదు. అయినా ఇక ఆ చీరలు కట్టుకోబుద్ధి కాదు.

తెర మీద గీతలన్నీ సన్నగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం చుక్క మీద చుక్క, దాని మీద చుక్క పడి ఎర్రటి ముద్ద కట్టింది.

"ఇది కార్వేటినగరం," అన్నాడు శ్రీనివాసులు. "ఆడ మీకు భూములేమన్నా ఉండాయా మేడం?"

"లేవు."

"ఒక విచిత్రం చెప్తాను చూడండి. దొంగల కోసం తలుపుకు కూడా తీగ పెట్టి ఉండాము, తెరిస్తే తెలుస్తాది. ఆడ ఇన్నిసార్లు ఆగినా మీ తలుపు తెరుచుకున్నట్టు ఒక్కసారీ లేదు. మా ఇంజినీరు పెట్టె చెడిపోయిందేమో అన్నాడు. మనిషనే వాళ్ళు అంతసేపు బండి దిగకుండా ఎట్ల కూర్చుంటారు అని."

కోర్టులో రేవతి ఇటువంటి సాక్షులను చాలామందిని చూసింది. ఎక్కడ, ఎప్పుడు అంటే తడుముకోరు. ఎందుకు అంటే గుమ్మం వైపు చూస్తారు. ఈ యంత్రమూ అంతే. ఆమె ఆ ఊరు పోయిందని చెప్పింది, మట్టి తొక్కలేదనీ చెప్పింది. రెండూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఒక మనిషి సగం జీవితం ఉందన్న సంగతి దానిలో నమోదయ్యే విషయం కాదు. మిగిలిన ఖాళీని ఎవరికి తోచింది వారు పూరించుకుంటారు: తమ్ముడు దొంగతనమన్నాడు, ఈయన భూములన్నాడు, ఇంజినీరు పెట్టె చెడిందన్నాడు.

"ఇవన్నీ చెరిపేయండి," అంది.

"మా చేతిలో లేదు మేడం. అంతా మద్రాసు ఆఫీసుకు పోతాది. ఆడినుంచి ఇంకెక్కడికి పోతాదో నాకూ తెలీదు. పెట్టె తీస్తే ఇంగ ముందుకు పోదు, అంతే. పాతది పాతదే."

"అయితే తీయండి."

శ్రీనివాసులు మెకానిక్కును పిలిచాడు. అతను పనిముట్లతో కారు దగ్గరికి పోయాడు. రేవతి లేచి నిలబడింది. మళ్ళీ ఏదో తోచి ఆగింది. కోర్టు అలవాటు. "మా తమ్ముడు కాకుండా ఇంకెవరికన్నా చెప్పినారా నా బండి సంగతి?"

శ్రీనివాసులు కాఫీ గ్లాసును పక్కకు జరిపాడు.

"చెప్పండి."

"తప్పుగా అనుకోవద్దు మేడం. శిబిరం సంగతి చెప్పేదానికి మావాళ్ళు కార్వేటినగరం పోయినారు. మీ బండి ఆగే చోటుకు దగ్గరుండే ఇల్లే మీది అనుకోని ఆడ తలుపు కొట్టినారు. ఒక పాప వచ్చింది. బూడిదరంగు బండి మీదే కదా అని అడిగితే, మాది కాదు, తెలుసు, ప్రతి నెలా వస్తాది, ఎవరిది అనింది. మావాళ్ళు పేరు చెప్పినారు."

"ఎవరడిగితే వాళ్ళకు చెప్పేస్తారా?"

"ఆడపిల్ల కదా మేడం అడిగింది..."

రేవతి బల్ల అంచు పట్టుకుంది. "ఏం పేరు చెప్పినారు?"

"మీ పేరే. రేవతి అని. తర్వాత ఆ పాపే నాకు ఫోన్ చేసింది. మళ్ళీ ఎప్పుడన్నా ఆ బండి మా ఊరి దోవ పడితే నాకొక మాట చెప్తారా అన్నా అని. ఎందుకు పాపా అంటే, ఆ పొద్దు నేను ఇంట్లో ఉండాల అనింది. చుట్టాలేమో, తమాషా చేస్తా ఉండారేమో అనుకున్నా. చెప్తాలే అన్నాను." అతను ఆమె ముఖం చూసి కంగారుపడ్డాడు. "తప్పైతే ఆ పాపకు చెప్పనులే మేడం. మీరెట్ల చెప్తే అట్ల."

గాజు గది బయట మెకానిక్ కారు తలుపు తెరిచి లోపలికి వంగాడు.

కోపం రావలసిన చోటు ఇది. నిజానికి వచ్చింది కూడా. తన పేరు, తన దారి, తాను కూర్చున్న చోటు, ఎవరు చెయ్యి చాస్తే వారికి పప్పుబెల్లాల్లా పంచిపెట్టారు. కానీ ఆ కోపం మీదికి, ఆపుదామన్నా ఆగకుండా ఇంకొకటి ఎక్కి వచ్చింది. ప్రతి నెలా వస్తాది అనిందట. ఆ పొద్దు నేను ఇంట్లో ఉండాల అనిందట. తాను అద్దాల వెనక దాక్కుని చూస్తున్నాననుకున్నన్నాళ్ళూ అరుగు మీదినుంచి ఒక జత కళ్ళు ఆ నల్లద్దాల వైపు చూస్తూనే ఉన్నాయన్నమాట.

ఆమె గాజు తలుపు తోసుకుని వడివడిగా కారు దగ్గరికి నడిచింది.

"ఇవాళ వద్దప్పా," అంది మెకానిక్కుతో. "ఈ పొద్దుకు ఉండనీ."

శ్రీనివాసులు వెనకాలే వచ్చాడు. "మరి ఆ పాపకు ఫోను..."

రేవతి తాళం తిప్పింది. చెయ్యమని అనలేదు. వద్దనీ అనలేదు.

* * *

వడమాలపేట దాటింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరులో, చేతికో కాలికో కట్లతో బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని తప్పించుకుంటూ నెమ్మదిగా పోయింది. ఊరు దాటి కార్వేటినగరం రోడ్డులోకి తిరిగింది. ఇప్పుడు ఎక్కడో ఒక ఫోను మోగుతూ ఉంటుంది. చిత్తూరులో తమ్ముడికీ తెలిసిపోతూ ఉంటుంది. తెలియనీ. ఇంతకాలం ఎవరికీ తెలియకుండా పోయింది. అందరికీ తెలిసేటట్టు పోవడం ఇదే మొదలు. వెనక్కి తిప్పడానికి దారి పొడవునా ఎన్నో మలుపులున్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఆమె కాలు బ్రేకు మీదికి పోయింది, మళ్ళీ తీసింది.

అరుగు మీద ఇవాళ పిల్లలు లేరు. చంద్రకాంతమ్మ ఒక్కతే స్తంభానికి ఆనుకుని కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని, చూడకుండా వేళ్ళతో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కోట గోడ పక్కన, కారు ఎప్పుడూ ఆగే చోటనే, పచ్చ ఓణీ వేసుకుని పల్లవి నిలబడి ఉంది.

కారు ఆపడానికి అక్కడ చోటు లేదు. రేవతి కొంచెం ఇవతలే ఆపింది. పిల్ల నడిచి వచ్చింది. అద్దంలోంచి ఆమె ముఖం దగ్గరవుతూ, దగ్గరవుతూ, అద్దమంతా నిండిపోయింది. వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.

రేవతి మీట నొక్కింది. అద్దం సగం దిగింది. ఎండ లోపలికి వచ్చింది, వేపాకు వాసన వచ్చింది, ఓణీ అసలు పచ్చదనం వచ్చింది.

"మీరేనా రేవతి గారంటే?"

కొంచెం బొంగురు గొంతు. పాఠాలు చెప్పి చెప్పి రాసుకుపోయిన గొంతు. రేవతి ఊహించుకున్న సన్నని గొంతులలో ఒక్కటీ ఇది కాదు. ఊహించుకున్నవన్నీ ఆ క్షణంలోనే మరుపున పడ్డాయి. తల ఊపింది.

"మా మామ ఒకాయన చిన్న వయసులోనే పోయినాడు. ఆయన పెండ్లాం పేరు కూడా రేవతేనంట. ఇంట్లో ఆ పేరెత్తితే మా అమ్మ మాట మార్చేస్తాది." పల్లవి అద్దం అంచు మీద చేతులు పెట్టింది. "మీరు మా అత్తే కదా?"

అత్త. చట్టం ప్రకారం చూస్తే ఆ పిల్ల పెట్టిన వరుసలో తప్పేమీ లేదు. పెద్దలు ఆనాడు కూర్చుని మార్చింది సరిగ్గా ఆ ఒక్క మాటనే. రేవతి మళ్ళీ తల ఊపింది. ఈసారి ఊపడం కష్టమైంది.

"అత్తకు కోడల్ని చూడాలనిపిస్తే ఇంట్లోకి రావచ్చు కదా? కాఫీ ఇయ్యమా? యాల ఈడ ఎండలో కూర్చుంటారు? యాల దిగరు?"

"నువ్వు... నువ్వు నన్నెప్పుడు చూసినావు?"

"మిమ్మల్ని చూడలేదు. బండిని చూసినా. మా పిల్లోళ్ళు దెయ్యం బండి అంటారు. మనిషి దిగేది లేదు, పొగ మాత్రం వస్తాది అని." పల్లవి నవ్వబోయి మానుకుంది. "షోరూమాయన్ని కూడా అడిగినా, ఎందుకొస్తారు అని. యాడ ఆగిందో ఉంటాది పాపా, ఎందుకు ఆగిందో కంప్యూటర్లో ఉండదు అన్నాడు. అందుకే మిమ్మల్ని అడుగుతా ఉండాను."

చెప్పవచ్చు. ఒక్క మాట. నిన్న సాయంత్రం తమ్ముడి ముందు తెలియకుండా జారిన మాటను ఇవాళ తెలిసి చెప్పవచ్చు. రేవతి నోరు తెరిచింది. పల్లవి భుజం మీదుగా, చేటలో వేళ్ళు ఆడిస్తున్న ఆ చూపు తగ్గిన మనిషి కనిపించింది. తెరిచిన నోరు మూసుకుంది.

పల్లవి చెవి వెనక వెంట్రుకలు మెలిపెట్టుకుంటూ కారు ముందునుంచి చుట్టి వచ్చి, అవతలి తలుపు తెరిచి, పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. కారంతా సుద్దపొడి వాసన వేసింది.

"మీరు దిగరని తెలుసు కాబట్టి నేనే ఎక్కినా. ఇప్పుడు చెప్పండి."

తలుపు పడ్డ చప్పుడుకు అరుగు మీద చేట ఆగింది. "పల్లవీ! ఎవరే ఆ బండిలో?"

పల్లవి రేవతినే చూస్తూ, ఆమె మీదినుంచి చూపు తిప్పకుండానే, తెరిచి ఉన్న అద్దంలోంచి వినబడేటట్టు గొంతెత్తింది.

"నా కోసం వచ్చినారమ్మా!"

చంద్రకాంతమ్మ చేట పక్కన పెట్టింది. స్తంభం పట్టుకుని లేచింది. ఎవరని మళ్ళీ అడగలేదు. మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుని, దిగి, ఒక చెయ్యి ముందుకు చాచి గాలిని తడుముకుంటూ, కారు ఇంజిను చప్పుడు వస్తున్న వైపుకు నేరుగా నడిచి రాసాగింది.

రేవతి చెయ్యి గేరు మీదికి పోయింది. ఆ చేతిమీద పల్లవి తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. సుద్ద అంటిన వేళ్ళు, వెచ్చగా ఉన్నాయి.

"వద్దత్తా," అంది. "ఈసారి పోవద్దు."